ఇంట్లోనే ఫ్యూయల్ పంప్ మార్చుకుందాం – 4వ పాఠం: సీలు

పంపు మార్చారు, బండి స్టార్టయింది, ఫుల్ ట్యాంక్ కొట్టించగానే వెనక సీట్లో పెట్రోలు వాసన. పోయిన పాఠం చేసినవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కున్నారు. కాబట్టి ఈసారి ఫిల్టర్ సంగతి పక్కనపెట్టి సీలే, అంటే ట్యాంకు మూతికీ పంపుకూ మధ్య ఉండే రబ్బరు రింగే చూద్దాం.

పంపు ఫ్యూజు పీకి ఇంజను ఆగేదాకా నడపడం, తర్వాత బ్యాటరీ నెగటివ్ తీయడం మీకు తెలిసినవే.

ట్యాంకు మూతి చుట్టూ ఉన్న పాత రబ్బరు రింగు ఏళ్లుగా పెట్రోలు పీల్చి ఉబ్బి ఉంటుంది. ఒకసారి బయటికొచ్చాక మళ్లీ గాడిలో సరిగ్గా కూర్చోదు, ఎక్కడో ఓచోట లేస్తుంది. అది లేవకుండా సిలికాన్ గమ్ పూస్తున్నారు. దయచేసి పూయకండి! మామూలు సిలికాన్ పెట్రోలు తగిలితే ఉబ్బి, ముక్కలుగా ఊడి ట్యాంకులో పడుతుంది. ఆ ముక్కలు పంపు కింది జల్లెడకు అడ్డం పడితే కొత్త పంపు కూడా పోతుంది. షాపులో "సైజు ఇదే" అని నీళ్ల మోటారు రింగు చేతిలో పెట్టినా తీసుకోవద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, దానికి ఆ రబ్బరు ఆగదు. మీ మోడల్ పార్ట్ నంబరు చూసి కొత్త సీలే కొనండి.

గాడిలో ఇసుక రేణువు కూడా ఉండకూడదు. చాలా బళ్లలో సీలు ముందు మూతి మీద పరిచి, తర్వాత పంపు దించాలి. పంపుకు తొడిగి దించితే సీలు మడత పడుతుంది. పెట్రోలు మట్టం చూసే ఫ్లోటు కడ్డీ ఎక్కడా తగలకుండా ఏటవాలుగా దించండి, వంగిందంటే మీటరు తప్పు చూపిస్తుంది. పంపును పట్టి ఉంచేవి బోల్టులైతే ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించాలి. మర రింగైతే చెక్కముక్క పెట్టి తట్టండి. ఇనుప ఉలి మాత్రం వద్దు, నిప్పురవ్వ లేస్తుంది.

ట్యాంకు పావువంతే ఉంటే పెట్రోలు సీలు దాకా రాదు, అందుకే లీకు కనపడదు. ట్యాంకు నింపి అలిపిరి దాటి రెండో ఘాట్ రోడ్డు ఎక్కితే పెట్రోలు వెనక్కి ఒరుగుతుంది, మలుపుల్లో పక్కలకు కొడుతుంది. బాగా కూర్చోని సీలు అక్కడ బయటపడుతుంది.

పంపు బిగించాక బండి స్టార్ట్ కాకపోతే కీ ఆన్‌లో రెండు సెకన్లు ఉంచి ఆపండి, అలా మూడునాలుగు సార్లు.

అభ్యాసం: పొద్దున్నే, ఎండ ముదరకముందే, ఆరుబయట చేయండి. పక్కన పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి. ట్యాంకు నింపి, సీటు కింది మూత తీసి, సీలు చుట్టూ టిష్యూ కాగితం పరవండి. బండి ముక్కు పైకి ఉండేలా వాలు మీద అరగంట, తర్వాత తిప్పి ముక్కు కిందికి అరగంట నిలపండి. కాగితం ఏమాత్రం తడిసినా ఇంజను వేయకండి, పెట్రోలు తోడి సీలు మళ్లీ కూర్చోబెట్టండి. రెండు వైపులా పొడిగా ఉంటే ఇంజను నడిపి గొట్టం క్లిప్పుల దగ్గర చూడండి. కొండ ఆ తర్వాతే.