ఉపగ్రహ చిత్రాల్లో పొగ, ధూళి – 4వ పాఠం: ఒండ్రునీరు ధూళి కాదు

పోయిన పాఠం అభ్యాసానికి చాలామంది 2022 జూలై చిత్రాలు పంపారు. అంతర్వేది నుంచి యానాం దాకా సముద్రంలోకి సాగిన గోధుమరంగు చుట్టూ గీత గీసి ‘ధూళి తుఫాను’ అని రాశారు. అది వరద గోదావరి. ఆ నెలలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. ఆ ఎర్రనీరంతా ధవళేశ్వరం దిగి పాయల గుండా సముద్రంలో పడింది. పొగ సంగతి కాసేపు పక్కన పెట్టి, ముందు ఈ చిక్కు తీర్చుకుందాం. దీన్ని వదిలేస్తే మిగతా పాఠాలన్నీ తప్పుతాయి.

నాసా ఉపగ్రహ చిత్రాల వెబ్‌సైట్ వరల్డ్‌వ్యూలో తేదీ మార్చడం, పొరలు కలపడం మీకు వచ్చు.

మొదట తీరం అంచు చూడండి. గాలిలో ఉన్న ధూళి నేలమీదా నీటిమీదా పరుచుకుంటుంది, దాని కింద ఒడ్డు మసకబారుతుంది. ఒండ్రు ఒడ్డు దగ్గరే ఆగిపోతుంది. చిత్రాన్ని ఓడలరేవు దగ్గర పెద్దది చేయండి. ఇసుక అంచు స్పష్టంగా ఉండి, రంగు నీటివైపే ఉంటే అది ఒండ్రే.

అనుమానం తీరకపోతే అదే రోజు నాసా ఉపగ్రహాలు రెండూ, టెర్రా తీసిన చిత్రాన్నీ ఆక్వా తీసిన చిత్రాన్నీ మార్చి మార్చి చూడండి. ఆ ఏడాది టెర్రా ఉదయం పదిన్నర ప్రాంతంలో, ఆక్వా మధ్యాహ్నం ఒంటిగంటన్నర ప్రాంతంలో వెళ్లేవి. సెకనుకు 5 మీటర్ల గాలి మూడు గంటల్లో 54 కిలోమీటర్లు పోతుంది. అంటే అమలాపురం మీది ధూళి కాకినాడ చేరేంత. సెకనుకు అర మీటరు నడిచే నీరు 5.4 కిలోమీటర్లే పోతుంది. కదలని రంగును ధూళి అనకండి. నేను ఎప్పుడూ ఈ పరీక్షతోనే తేల్చుకుంటాను. బురదనీటి మీద ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్ (గాలిలోని ధూళి, పొగ ఎంత దట్టంగా ఉన్నాయో చూపే కొలత) పొరను నమ్మను, ఎందుకంటే కింది నీరు నల్లగా ఉంటుందనే లెక్క మీద అది నడుస్తుంది.

అసలు ధూళి రంగు కంటికి అలవాటు కావాలంటే మే, జూన్ నెలల్లో థార్ ఎడారి మీద చూడండి.

ఇక దాళ్వా (రబీ వరి) కోతల తర్వాత కొయ్యకాళ్లు కాల్చే పొగ. అది నీలి బూడిద రంగులో, పలచగా ఉంటుంది. వీఐఐఆర్ఎస్ అనే ఉపగ్రహ పరికరం మంట పసిగట్టిన చోట పడే ఎర్రచుక్క ఒక్కోటి 375 మీటర్ల గడి, అంటే సుమారు 35 ఎకరాలు. ఆ గడిలో ఒక చిన్న పొలం ముక్క మండినా చుక్క పడొచ్చు, కాబట్టి చుక్కలను ఎకరాలతో హెచ్చవేయకండి. ఉపగ్రహం దాటే వేళల మధ్య, సాయంత్రం అంటించి చీకటిపడేలోగా ఆరిపోయిన మంట అసలు కనపడకపోవచ్చు. ఏడాది పొడవునా ఒకేచోట వెలిగే చుక్క గ్యాస్ మంట కావచ్చు, కోనసీమలో ముఖ్యంగా.

అభ్యాసం: ఏప్రిల్ చివరి వారం ఏడు రోజులూ, రోజుకు రెండు చిత్రాలు. ప్రతి మసకకూ పొగ, మబ్బు, ఒండ్రు, సముద్రం మీది ఎండ మెరుపు – వీటిలో ఒక పేరు పెట్టి, పక్కనే కారణం రాయండి. కారణం లేని పేరును దిద్దను.