చాట్‌బాట్‌ను దాటుకుని డబ్బులు వెనక్కి

బెంగళూరు మారతహళ్లిలో మా వీధి నిండా సాఫ్ట్‌వేర్ వాళ్లే. అయినా ఒక పెద్ద టెక్ కంపెనీ సపోర్ట్‌లో మనిషి దొరకడం మాత్రం గగనమే.

నాన్నగారి క్లౌడ్ స్టోరేజ్ ప్లాన్ రద్దు చేశాక కూడా డబ్బులు కట్ అయ్యాయి. చాట్‌లో అడిగితే బాట్ ఒక హెల్ప్ పేజీ ఇస్తుంది, "సమస్య తీరిందా?" అంటుంది. తీరలేదంటే మళ్లీ అదే పేజీ. గానుగెద్దు తిరిగినట్టే.

ముందు యూపీఐ యాప్‌లో ఆటోపేలోకి వెళ్లి ఆ మ్యాండేట్ (డబ్బులు వాటంతటవే కట్ అయ్యేందుకు ఇచ్చిన అనుమతి) రద్దు చేశాను. దానికి కంపెనీ దయ అక్కర్లేదు.

పై అంతస్తులో ఉండే కర్నూలు అన్న, "వాళ్లతో వాదన దేనికి తమ్ముడూ, 1915కి కొట్టు" అన్నాడు. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ మాట్లాడతారు. నేను మాత్రం వాళ్ల పోర్టల్‌లో రాశాను. కోపమంతా పక్కన పెట్టి మూడే ముక్కలు: రద్దయిన తేదీ, డబ్బు పోయిన తేదీ, నాకేం కావాలి. కింద రద్దు మెయిల్, యూటీఆర్ నంబరు (ఆ చెల్లింపు గుర్తింపు సంఖ్య), బాట్‌తో చాట్ స్క్రీన్‌షాట్లు. వెంటనే డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు వచ్చింది.

హెల్ప్‌లైన్ కోర్టేం కాదు, తీర్పులివ్వదు. కానీ తమతో ఒప్పందమున్న కంపెనీలకు ఫిర్యాదును నేరుగా పంపుతుంది. కంపెనీ నుంచి మాకు ఫోన్ వచ్చింది, నిజం మనిషే! తప్పు ఎవరిదో తేల్చలేదు గానీ డబ్బులు వెనక్కి వేశారు.

సోషల్ మీడియా ఖాతా లాక్ అయితే దారి వేరు. 2021 ఐటీ నిబంధనల ప్రకారం ముందు కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయాలి. ఆయన నిర్ణయం నచ్చకపోతే 30 రోజుల్లోపు కేంద్ర ప్రభుత్వం వేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లోనే అప్పీలు చేసుకోవచ్చు.