ఓటీ స్కూల్‌కు ముందు ఏడాది ఖాళీ ఉంటే: నల్గొండ, పాలమూరు నుంచి కొత్తగా అమెరికా వచ్చినవాళ్లకు

పెళ్లయి డిపెండెంట్ వీసా మీద వచ్చి, చేతిలో బీఎస్సీ ఉంది కదా ఆక్యుపేషనల్ థెరపీ (ఓటీ, అంటే జబ్బో దెబ్బో తగిలినవాళ్లకు రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే వైద్యం) చదువుదాం అనుకునే మనవాళ్లు ఈమధ్య చాలామందే కనిపిస్తున్నారు. అడ్మిషన్‌కు ఇంకా ఏడాది ఉంది, అప్పటిదాకా ఏం చేయాలని వాళ్ల టెన్షన్. చేయడానికి చాలానే ఉంది. ఇండియాలో బీఓటీ (ఓటీలోనే డిగ్రీ) చేసి వచ్చినవాళ్ల దారి మాత్రం వేరు, ఇది వాళ్లకు కాదు.

అన్నిటికంటే ఆలస్యమయ్యేవి ట్రాన్స్‌క్రిప్ట్స్, వాటితోనే మొదలుపెట్టండి. మెమోల మీద ఏ యూనివర్సిటీ పేరుందో చూసుకోండి. పాలమూరు యూనివర్సిటీ 2008లో వచ్చింది, అంతకుముందు బ్యాచ్‌లవాళ్లు ఉస్మానియాకు వెళ్లాలి. మీ బదులు నాన్నో అన్నో ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది కాబట్టి సంతకం చేసిన లెటర్ ముందే పంపండి. ఇక్కడ ఎవాల్యుయేషన్ (మన డిగ్రీ అమెరికా లెక్కలో దేనికి సమానమో చెప్పించడం) చేయించేటప్పుడు ఒక్కో సబ్జెక్టు విడిగా చూపే కోర్స్ బై కోర్స్ రిపోర్టే తీసుకోండి. మూడేళ్ల డిగ్రీని బ్యాచిలర్స్‌తో సమానంగా తీసుకోని స్కూళ్లు కూడా ఉంటాయి, అందుకే డబ్బు కట్టేముందు స్కూల్‌కు ఒక మెయిల్ పెట్టి అడగడం మంచిది. ఆ స్కూల్‌కు ఏకోట్ (ACOTE, ఓటీ స్కూళ్లకు గుర్తింపు ఇచ్చే సంస్థ) గుర్తింపు ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోండి, అది లేని చోట చదివితే తర్వాత లైసెన్స్ పరీక్ష రాయనివ్వరు.

మన బీజెడ్‌సీలో సైకాలజీ ఉండదు. ల్యాబ్‌తో రెండు భాగాల అనాటమీ-ఫిజియాలజీ, స్టాటిస్టిక్స్, డెవలప్‌మెంటల్ సైకాలజీ, అబ్నార్మల్ సైకాలజీ, సోషియాలజీ చాలా స్కూళ్లు అడుగుతాయి. కమ్యూనిటీ కాలేజీలో తక్కువ ఖర్చుతో అయిపోతాయి. అయితే డిపెండెంట్ వీసా మీద ఫెడరల్ లోన్ రాదు, ఫీజుకు ఇంట్లో ముందే లెక్క వేసుకోండి.

ఇక అబ్జర్వేషన్ గంటలు, అంటే అడ్మిషన్‌కు ముందు థెరపిస్ట్ పక్కన ఉండి పని చూసిన గంటలు. కొన్ని స్కూళ్లు 20 చాలంటాయి, కొన్ని 100 దాకా అడుగుతాయి, అసలు అడగనివీ ఉన్నాయి. వాట్సాప్ గ్రూపుల్లో ఎవరికెన్ని గంటలయ్యాయన్న పోటీ నాకైతే అర్థం కాదు. గంటల కంటే ఏం చూశారన్నది ముఖ్యం. పక్షవాతం వచ్చినాయనకు చొక్కా వేసుకోవడం నేర్పుతుంటే చూడండి: వేసుకునేటప్పుడు బలం లేని చేయి ముందు, విప్పేటప్పుడు బాగున్న చేయి ముందు. థెరపిస్ట్ ఎక్కడ చేయి వేసింది, ఎక్కడ కావాలని వేయకుండా ఆగింది, ఆయనకు విసుగొచ్చినప్పుడు ఏం మాట్లాడింది, ఇవన్నీ ఇంటికొచ్చిన వెంటనే రాసుకోండి. పేషెంట్ పేరుగానీ, ఆనవాలు దొరికే వివరంగానీ అందులో ఉండకూడదు. ఒకే హాస్పిటల్‌లో ఉండిపోకుండా పిల్లల క్లినిక్, నర్సింగ్ హోమ్, చేతుల థెరపీ చేసే చోటు కూడా చూడండి.

వీసా సంగతి ఒకటుంది. వర్క్ పర్మిట్ లేకపోతే రీహాబ్ ఎయిడ్ (థెరపిస్ట్‌కు సహాయకులు) లాంటి ఉద్యోగం కుదరదు, జీతం వద్దు ఊరికే చేస్తానన్నా కుదరదు, ఎందుకంటే మామూలుగా జీతమిచ్చి చేయించే పని ఉచితంగా చేసినా ఇబ్బందే. పక్కన నిలబడి చూడటం వేరు. అనుమానముంటే లాయర్‌ను అడగండి, ఫ్రెండ్‌ను కాదు.

అసలు మనకు తగ్గేది సైన్స్ దగ్గర కాదు, ఇక్కడి ఇంటి దగ్గర. ఓటీ పని మొత్తం స్నానం, వంట, బట్టలు, బాత్రూం చుట్టూనే తిరుగుతుంది. మనం బకెట్, చెంబుతో పెరిగినవాళ్లం. టబ్ అంచు దాటడం మోకాళ్ల నొప్పులున్న ముసలామెకు ఎంత కష్టమో, అంచుకు అడ్డంగా వేసే బెంచీ మీద కూర్చుని లోపలికి ఎలా జరగాలో దగ్గరుండి చూస్తేనే తెలుస్తుంది. సీనియర్ సెంటర్‌కు వెళ్లండి, పక్కింటి పెద్దావిడతో మాట్లాడండి, వాళ్ల వంటింట్లో ఏముందో చూడండి. ఇంగ్లిష్ కూడా అక్కడే బాగుపడుతుంది.

మన దగ్గరి నుంచి తెచ్చుకున్నదీ తక్కువేం కాదు. పర్సనల్ స్టేట్‌మెంట్‌లో అందరూ “సేవ చేయాలని చిన్నప్పటి నుంచి కోరిక” అని రాస్తారు, చదివేవాళ్లకు విసుగు. మర్రిగూడ వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుం వంగిపోయిన పెద్దమనిషి చెంబు ఎత్తుకోవడానికి, మంచం మీంచి లేవడానికి ఏమేం చేస్తాడో చూసి ఉంటే అది రాయండి. గద్వాలలోనో పోచంపల్లిలోనో మగ్గం గుంటలో కూర్చుని కాళ్లతో తొక్కుతూ చేత్తో నాడె విసరడం చూసి ఉంటే, ఒక పనిలో ఏ కీలు ఎలా కదులుతుందో విడదీసి రాయండి, స్కూల్‌లో చేయించేదీ అదే. అమెరికాలో 1917లో ఈ వృత్తి సంఘం పుట్టిన రోజుల్లో థెరపీ వార్డుల్లో మగ్గాలు కూడా ఉండేవి.

ఆఖరికి రెండు పనులు. హెపటైటిస్ బి, ఎంఎంఆర్ టీకాల కాగితాలు తయారుగా పెట్టుకోండి. మనకు చిన్నప్పుడు బీసీజీ వేస్తారు కాబట్టి టీబీ స్కిన్ టెస్ట్ పాజిటివ్ వచ్చే అవకాశముంది, స్కూల్ ఒప్పుకుంటే దాని బదులు రక్తపరీక్ష అడగండి. డ్రైవింగ్ కూడా ఈ ఏడాదే నేర్చుకోండి. చదువు చివర్లో కనీసం 24 వారాల ఫీల్డ్‌వర్క్ (హాస్పిటల్, క్లినిక్ లాంటి చోట శిక్షణ) ఉంటుంది, అది ఇంటి పక్కనే పడుతుందన్న గ్యారంటీ లేదు, బస్సులు లేని ఊళ్లో పడితే పొద్దున ఏడింటికి దించడానికి రోజూ ఎవరూ ఖాళీగా ఉండరు.