ముప్పై శాతం దగ్గరే ఆరిపోయే టాబ్లెట్: నా అనుభవం

30 శాతం చూపిస్తూనే నా టాబ్లెట్ ఉన్నట్టుండి ఆరిపోయేది. ఛార్జర్ తగిలించగానే మళ్లీ 28 అని వెలిగేది. బ్యాటరీ పాడైందనే అనుకున్నాను, కానీ అది కాదు. నెలల తరబడి దాన్ని ప్లగ్గుకే వదిలేయడంతో ఎప్పుడూ 100 దగ్గరే ఉండేది. దాంతో మిగిలిన ఛార్జిని లెక్కగట్టే ఏర్పాటు అంచనా తప్పింది. ఒక్కసారి దానంతట అది ఆగిపోయేదాకా వాడి, మధ్యలో తీయకుండా నిండా ఛార్జి చేశాను. అంకెలు దారికి వచ్చాయి. దీన్ని మాత్రం అలవాటు చేసుకోకండి, తరచూ సున్నాకు దింపితే బ్యాటరీకే చేటు.

ఫోను విషయంలో నేను చేసింది సరిగ్గా ఆ పొరపాటే. పూర్తిగా అయిపోయాకే ఛార్జి చేయాలన్నది పాత నికెల్-కాడ్మియం బ్యాటరీల నాటి మాట. 1991లో మార్కెట్లోకి వచ్చిన, ఇప్పటి ఫోన్లలో ఉండే లిథియం-అయాన్ రకానికి అది వర్తించదు. 50 నుంచి 100కు రెండుసార్లు నింపినా ఒక్క పూర్తి ఛార్జి కిందే లెక్క. అందుకే రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెం పెట్టడానికి ఇప్పుడు నాకు భయం లేదు. వేడి, గంటల తరబడి నిండుగా ఉండటం, ఈ రెండూ కూడా బ్యాటరీని త్వరగా ముసలిదాన్ని చేస్తాయి.

టాబ్లెట్, ఫోను రెండింటిలోనూ ఛార్జి 80 శాతం దగ్గర ఆగేలా పరిమితి పెట్టాను. ప్రయాణం ఉన్న రోజు మాత్రం 100. ఛార్జి అవుతుండగా వెనుక అరచేయి ఆనించి చూస్తాను, వేడి తగిలితే కవరు తీసేస్తాను. తెర అంచు పైకి లేచినట్టు కనిపిస్తే అది ఉబ్బిన బ్యాటరీ కావచ్చు. నొక్కకుండా, ఛార్జి చేయకుండా మరమ్మతుకు ఇవ్వండి.