తెరవలేని తాళం ఉందా? సంక్రాంతికి ఇల్లు వదిలి వెళ్లేవారికి జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం పట్టణాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలావరకు భోగికి ముందే శ్రీకాకుళం, విజయనగరం వైపు సొంత ఊళ్లకు బయలుదేరుతాయి కనుక, పండుగ నాళ్లలో ఇక్కడి వీధుల్లో వరుసగా ఎన్నో ఇళ్లకు తాళంకప్పలే కాపలా. బయలుదేరే ముందు దుకాణానికి వెళ్లి, ఎవరూ తెరవలేని తాళం కావాలని అడిగేవారు కొందరుంటారు.

అలాంటి తాళం లేదనే చెప్పాలి. లండన్‌లో జోసెఫ్ బ్రామా అనే తాళాల తయారీదారు 1790లో తన దుకాణం కిటికీలో ఒక తాళం పెట్టి, తాళంచెవి లేకుండా తెరిచినవారికి 200 గినీలు (నాటి ఇంగ్లండు బంగారు నాణేలు) ఇస్తానని ప్రకటించగా, ఆరు దశాబ్దాలు నిలిచిన ఆ పందేన్ని 1851లో ఆల్‌ఫ్రెడ్ హాబ్స్ అనే అమెరికన్ 16 రోజుల్లో మొత్తం 51 గంటలు శ్రమించి గెలిచాడు. తప్పుగా కదిపితే బిగుసుకుపోయి యజమానికి ఆ సంగతి తెలియజేసే చబ్ కంపెనీ తాళాన్ని హాబ్స్ అదే ఏడాది అరగంటలోపే తెరిచాడు.

కారణం తయారీలోనే ఉంది. పిన్నుల తాళంలో సరైన చెవి, పిన్నుల జతలు విడిపోయే చోట్లన్నిటినీ ఒకే గీతకు చేర్చినప్పుడే చెవి దూరే సిలిండరు తిరుగుతుంది. అయితే ఏ కర్మాగారమూ ఆ రంధ్రాలను వెంట్రుకవాసి తేడా లేకుండా తొలచలేదు కనుక సిలిండరును తిప్పబోతే పిన్నులు ఒక్కసారిగా కాక ఒక్కొక్కటిగా బిగుస్తాయి, ఆ బిగువే నేర్పరి వేళ్లకు లోపలి గుట్టు చెబుతుంది. చెవి ఆకారాన్ని లోపలికి తీసుకుని, బయటి దారి మూసుకున్న తరువాతే సరిచూసే తాళాలను ఇటీవల కొందరు రూపొందించారు. వాటి విషయంలో వేళ్ల నేర్పు చాలావరకు పనిచేయదు గానీ, చెవికి నకలు తీయడాన్నీ, డ్రిల్లునూ అవి ఆపలేవు. నేను చెవి పోగొట్టుకున్న రోజున మా ఏడు లివర్ల (లోపలి పలకల) తాళాన్ని వీధి చివరి పెద్దాయన, మేమిచ్చిన టీ చల్లారేలోగా తెరిచి పెట్టారు.

అయినా దొంగలలో అంత ఓపిక ఉన్నవారు తక్కువ, వారు ఎక్కువగా పగలగొట్టేది గడియనే. కాబట్టి ఖరీదైన తాళం కొనే ముందు, గడియను పొట్టి స్క్రూలతో కాక తలుపుకు ఈ వైపు నుంచి ఆ వైపుకు బోల్టులు దింపి లోపలి నుంచి నట్లతో బిగించారా, ద్వారబంధం చెదలు పట్టకుండా గట్టిగా ఉందా అని చూడండి. పెరటి తలుపుకు లోపల అడ్డగడియ వేయండి. బయట వేలాడే తాళంకప్ప ఇంట్లో ఎవరూ లేరని చాటుతుంది కనుక, వీధి తలుపుకు లోపలే అమర్చే తాళం మేలు. ధనుర్మాసంలో ముగ్గు లేని వాకిలి కూడా అదే చెబుతుంది. పక్కింటి వదినగారిని రోజూ నాలుగు గీతలు గీయమని, రాత్రి దీపం వేయమని అడగండి.

బరంపురం దగ్గరి గోపాలపురం సముద్రపు గాలి తగిలే ఇళ్లలో తాళాలు తుప్పు పడతాయి. వాటికి కొబ్బరినూనె పోస్తే దుమ్ము పేరుకుంటుంది, గ్రాఫైట్ పొడి వాడాలి. చెవిని పూలకుండీ కింద దాచవద్దు. అద్దె ఇంట్లో కొత్తగా చేరినవారు పాత తాళాన్ని మార్చాలి. నగలు బ్యాంకు లాకరులో పెట్టవచ్చు, కానీ చోరీ జరిగితే బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకు 100 రెట్లకే పరిమితమని 2022 జనవరి 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన చెబుతోంది.

తిరిగి వచ్చినప్పుడు తాళం మునుపటిలా తిరగకపోయినా, చెవి రంధ్రం చుట్టూ కొత్త గీతలు కనిపించినా లోపలికి వెళ్లకుండా 112కు ఫోన్ చేయండి. పగలగొట్టకుండా తెరిచిన తాళంపై ఆనవాళ్లు చాలా తక్కువగా మిగులుతాయి, బలవంతంగా చొరబడిన గుర్తులు లేనిదే పరిహారం ఇవ్వని బీమా పాలసీలూ ఉన్నాయి కనుక, పోలీసులు వచ్చి చూసేవరకు ఆ తాళాన్ని ఎవరినీ తాకనివ్వకండి.