డెల్టాలో పాత డీజిల్ ఫ్యామిలీ వ్యాన్ కొంటున్నారా? ఏం చూడాలి, ఎలా చూడాలి?

ఇంటిల్లిపాదీ అన్నవరమో ద్వారకా తిరుమలో బయల్దేరితే ఐదు సీట్ల కారు చాలదు. అందుకే భీమవరం నుంచి అమలాపురం దాకా పాత ఇన్నోవా, ఎర్టిగా, టవేరా డీజిల్ బండ్లకు గిరాకీ తగ్గదు. బేరానికి వెళ్లినవాళ్లు పెయింటు, మీటరు చూసి మురిసిపోతారు. మన దగ్గర ముందు చూడాల్సింది బండి అడుగు.

అంతకంటే ముందు లెక్క

లీటరు డీజిల్ 97 రూపాయలు, పెట్రోలు 109 అనుకుందాం. డీజిల్ వ్యాన్ లీటరుకు 14 కిలోమీటర్లు, అదే సైజు పెట్రోలు బండి 11 ఇస్తే కిలోమీటరుకు దాదాపు 3 రూపాయలు మిగులుతాయి. డీజిల్ బండికి లక్షన్నర ఎక్కువ పెట్టారంటే అది రాబట్టుకోవడానికి 50 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు వెయ్యి తిరిగే ఇంటికి నాలుగేళ్లు దాటుతుంది. మీ ఊరి రేట్లు వేసి చూసుకోండి.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 (పొగ కాలుష్యంపై కొత్త ప్రమాణం) డీజిల్ బండ్లలో ఇంకో చిక్కుంది. పొగగొట్టం లైనులో మసిని పట్టే ఫిల్టరు, అంటే డీపీఎఫ్, ఉంటుంది. ఆ మసి కాలాలంటే బండి ఆగకుండా కాసేపు పరుగెత్తాలి. బడికి, బజారుకు రెండేసి కిలోమీటర్లే తిప్పితే ఫిల్టరు పూడుకుపోయి డ్యాష్‌బోర్డులో హెచ్చరిక లైటు వెలుగుతుంది. వారానికోసారైనా రావులపాలెం దగ్గర హైవే ఎక్కి అరగంట తోలే పని ఉంటేనే ఇలాంటి బండి తీసుకోండి.

అడుగు చూడటం

బండిని వాటర్ సర్వీసింగ్ షెడ్డులో ర్యాంపు ఎక్కించమనండి. అమ్మేవాడు వద్దంటే వెనక్కి వచ్చేయడమే. ఇన్నోవా, టవేరాలకు విడిగా ఛాసిస్, అంటే బాడీని మోసే ఇనుప చట్రం, ఉంటుంది. దాని పొడవునా స్క్రూడ్రైవరు పిడితో కొట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్నచోట చప్పుడు బొంగురుగా వస్తుంది. ఎర్టిగాకు విడి ఛాసిస్ ఉండదు కాబట్టి ఫ్లోరు, డోర్ల కింది అంచులు చూడాలి. బ్రేకు పైపులు పొలుసులు రేగితే మార్పించక తప్పదు. అడుగంతా కొత్తగా నల్ల కోటింగు నిగనిగలాడుతుంటే ఇంకాస్త గట్టిగా కొట్టండి.

అంతర్వేది వైపు ఉప్పుగాలి ఒక కారణం. అంతకన్నా చేటు చేసేది రొయ్యల లోడు. కొందరు వెనక సీట్లు తీసేసి ట్రేలు మోస్తారు. ఐసు కరిగిన ఉప్పునీళ్లు కార్పెట్టు కింద నిలిచిపోతాయి. సీటు బోల్టుల తలల మీద స్పానరు గాట్లున్నాయా? ఉంటే కార్పెట్టు లేపి చూడాల్సిందే.

వరదలో మునిగిన బండిని పట్టించేది సీటు బెల్టు. చివరిదాకా లాగండి. కార్పెట్టు మార్చేవాడికి కూడా బెల్టు లోపలి మడత కడగాలని తోచదు. బురద గీత అక్కడ కనిపిస్తుంది. డ్యాష్‌బోర్డు కింద వైరు కనెక్టర్లకు పచ్చని చిలుము పట్టిందేమో కూడా చూడండి.

ఇంజిను

పొద్దున్నే వెళ్లి, ముందుగా స్టార్టు చేసి ఉంచొద్దని చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. స్టార్టయ్యాక నీలి పొగ ఆగకుండా వస్తే ఇంజిను ఆయిలు కాలుతోంది. యాక్సిలరేటరు తొక్కినప్పుడల్లా చిక్కటి నల్ల పొగ వస్తే డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లనో, గాలిని లోపలికి నెట్టే టర్బోనో, గాలి లీకునో అనుమానించాలి. బండి నిలబెట్టి ఇంజిను ఐడిల్‌లో (యాక్సిలరేటరు తొక్కకుండా) నడుస్తుండగా ఆయిలు పోసే మూత విప్పి, అక్కడే బోర్లా పెట్టండి. కాస్త అదిరితే ఫర్వాలేదు. ఎగిరి పడితే పిస్టన్ రింగులు అరిగాయన్నమాట, బేరం ఆపేయండి. పాత 2.5 లీటర్ల ఇన్నోవాకు టైమింగ్ బెల్టు ఎప్పుడు మార్చారో బిల్లు అడగండి. తెగితే వాల్వులు వంగి ఇంజిను విప్పాల్సి వస్తుంది. చివరగా, వెనక ఏసీ వేసి మూడో వరసలో పది నిమిషాలు కూర్చోండి.

కాగితాలు

బండి మీ పేరుకు మారడానికి ఫారం 29, 30 మీద సంతకాలు, లోను తీరినట్టు ఫారం 35 కావాలి. హైదరాబాదు బండి చవగ్గా కనిపిస్తుంది కానీ దానికి ఫారం 28 ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్సు కట్టాలి. ఆ సొమ్ము కలుపుకొనే రేటు మాట్లాడండి. ఆర్సీ గడువు పదిహేనేళ్లు. ఎంత మిగిలిందో చూసుకోండి.

కొన్నాక

చెరువు దగ్గర జనరేటరుకు తెచ్చిన డ్రమ్ములోంచి డీజిల్ పోయకండి. అందులో నీళ్లు చేరితే ఇంజెక్టర్లు పాడవుతాయి. డీజిల్ ఫిల్టరు అడుగున నీళ్లు వదిలే స్క్రూ ఉంటే వానాకాలంలో అప్పుడప్పుడు వదులు చేసి, శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా గిన్నెలోకి వదలండి.

కాజ్‌వే మీద వరద పారుతుంటే బండి దించొద్దు. పొరపాటున దిగి ఇంజిను ఆగిపోతే మళ్లీ సెల్ఫ్ కొట్టొద్దు. గాలి గొట్టంలోంచి సిలిండర్లోకి నీళ్లు వెళ్లి ఉంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు మనుషులు దిగి గట్టెక్కండి. వరద తగ్గాక బండిని తోయించి, ఎయిర్ ఫిల్టరు విప్పి చూడండి. అది తడిసి ఉంటే తాళం తిప్పకుండా మెకానిక్‌ని పిలవండి.