యాంటీబయాటిక్ కోర్సుకు ముందు, తర్వాత: పేగుల విషయంలో జాగ్రత్తలు

ఇంట్లో పెద్దవాళ్లకు ఆపరేషన్ ఉన్నా, న్యుమోనియాతో ఆసుపత్రిలో చేరినా యాంటీబయాటిక్స్ తప్పవు. అవసరమైన చోట వాడాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ మందులు మొదలయ్యాక విరేచనాలు పట్టుకుంటే మన ఇళ్లలో ముందు వినపడేది "మందులు వేడి చేశాయి" అనే మాట. మజ్జిగ ఇస్తారు, సగ్గుబియ్యం జావ ఇస్తారు. తగ్గకపోతే మెడికల్ షాపు నుంచి మోషన్లు కట్టే మాత్ర తెస్తారు. నా భయమంతా ఆ మాత్ర గురించే.

లోపల జరిగేది తెలిస్తే ఎందుకో అర్థమవుతుంది. పెద్దపేగులో లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయి. పిత్తరసంతో పాటు పేగులోకి వచ్చే ఆమ్లాలను వాటిలో కొన్ని జాతులు వేరే రూపంలోకి మారుస్తాయి. అలా మారిన ఆమ్లాలు క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే క్రిమిని పెరగనివ్వవు. డాక్టర్లు దాన్ని సి.డిఫ్ అంటారు. మనం వేసుకున్న మందు జబ్బు క్రిమితో పాటు ఈ మేలు చేసే జాతులనూ చంపేస్తుంది. అప్పుడు పిత్త ఆమ్లాలు మారకుండా అలాగే మిగిలిపోతాయి. సి.డిఫ్ స్పోర్లు (విత్తనాల్లా నిద్రాణంగా ఉండే దాని గట్టి రూపం) మొలకెత్తడానికి సరిగ్గా అవే కావాలి. మొలకెత్తిన క్రిమి టాక్సిన్లు, అంటే విషాలు, వదిలి పెద్దపేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. కట్టే మాత్ర వేస్తే పేగు కదలిక తగ్గి ఆ విషం లోపలే నిలవ ఉండే ప్రమాదం ఉంది. అందుకే డాక్టరు చెప్పకుండా లోపెరమైడ్ లాంటి కట్టే మాత్ర వేయకండి.

షాపులో అడిగితే చాలాసార్లు ఓఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్ర చేతిలో పెడతారు. అది ఇంకో యాంటీబయాటిక్. పైగా ఓఫ్లాక్సాసిన్ కుటుంబమే సి.డిఫ్ ముప్పు పెంచే మందుల్లో ఒకటి. క్లిండామైసిన్, సెఫిక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్ లాంటివి కూడా ఆ జాబితాలోవే. 65 దాటినవాళ్లకు, ఎక్కువ రోజులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ.

కాబట్టి కోర్సు మొదలుపెట్టే ముందే డాక్టరును అడగండి: ఇది నిజంగా అవసరమా, ఎన్ని రోజులు? జలుబుకు, మామూలు వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు. ఎర్ర గీత ఉన్న స్ట్రిప్‌ను చీటీ లేకుండా కొనకండి. పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర ఏళ్ల తరబడి సాగుతుంటే అది ఇంకా కావాలా అని కూడా అడగండి, ఎందుకంటే ఆ మాత్రలు వాడేవాళ్లలో సి.డిఫ్ జబ్బు ఎక్కువగా కనిపిస్తోంది. అలాగని సొంతంగా మానేయొద్దు.

కోర్సు జరుగుతున్నన్నాళ్లూ బయటి తిండి, నమ్మకం లేని నీళ్లు వద్దు. పేగు బలహీనపడితే మిగతా క్రిములకూ దారి దొరుకుతుంది. 1950లలో ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో, సాల్మొనెల్లా సోకడానికి మామూలుగా లక్ష క్రిములు కావాల్సి వస్తే, స్ట్రెప్టోమైసిన్ ఇచ్చాక పది కూడా అక్కర్లేకపోయింది.

పెరుగన్నం హాయిగా తినండి. మేలు చేసే బ్యాక్టీరియా నింపిన ప్రోబయాటిక్ క్యాప్సూల్స్ మీద మాత్రం భరోసా పెట్టుకోకండి. 2018లో ఇజ్రాయెల్‌లో చేసిన ఒక అధ్యయనంలో, యాంటీబయాటిక్ తర్వాత అవి వాడినవాళ్లకు సొంత బ్యాక్టీరియా తిరిగి రావడం ఇంకా ఆలస్యమైంది.

ఇక విరేచనాలు మొదలైతే లెక్క పెట్టండి. పెద్దవాళ్లు సిగ్గుపడి చెప్పరు, మీరే అడగాలి. 24 గంటల్లో మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు నీళ్లలా అయితే డాక్టరుకు ఫోన్ చేసి ఏ యాంటీబయాటిక్ వాడారో పేరు చెప్పండి. కోర్సు అయిపోయి నెల దాటినా సి.డిఫ్ రావచ్చు, అందుకే ఖాళీ స్ట్రిప్‌ను, డిశ్చార్జి సమ్మరీని మూడు నెలలైనా దాచండి. చాలామందికి ఇలాంటి విరేచనాలు మందు ఆగాక వాటంతటవే తగ్గుతాయి. సి.డిఫ్ అవునో కాదో మలపరీక్షలో తెలుస్తుంది. ఈలోగా ఓఆర్‌ఎస్‌ను ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలోనే కలిపి ఇవ్వండి. జ్వరం, పొట్ట ఉబ్బరం, తీవ్రమైన నొప్పి, రక్తం, మూత్రం తగ్గడం, మగతగా ఉండటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు.

చేతుల సంగతి ముఖ్యం. శానిటైజర్‌కు సి.డిఫ్ స్పోర్లు చావవు. రోగిని శుభ్రం చేసినవాళ్లు సబ్బు, నీళ్లతో బాగా రుద్ది కడుక్కోవాలి. బాత్రూమ్ సీటు, కుళాయి, తలుపు గడియ బ్లీచ్ కలిపిన నీళ్లతో తుడవండి. బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో బ్లీచ్‌ను ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

సి.డిఫ్ జబ్బుకు వాంకోమైసిన్ అనే మందును నోటి ద్వారా ఇస్తారు. తగ్గాక కూడా దాదాపు ఆరుగురిలో ఒకరికి రెండు నెలల్లోపు తిరగబెడుతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగి పేగులోకి ఎక్కించే చికిత్స ఉంది. 2013లో నెదర్లాండ్స్ పరిశోధనలో అలా ఎక్కించిన 16 మందిలో 13 మందికి ఒక్కసారితోనే నయమైంది. అసహ్యించుకోవాల్సిన పని లేదు, పోయిన బ్యాక్టీరియాను తిరిగి ఇవ్వడమే అది.

ఒకసారి సి.డిఫ్ వచ్చినవాళ్లు ఆ సంగతి ఫైల్ మొదటి పేజీలో రాయించుకోండి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్లినా ముందే చెప్పండి. పెన్సిలిన్ పడదంటే క్లిండామైసిన్ రాసే అవకాశం ఉంది.